పెద్దవయసు ఇల్లాలు – ప్రయాణపు మూట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో పంట ధరలను గురించియో, పిల్లల చదువులను గురించియో ఉపన్యసించుట పరిపాటి. అరువదేండ్లు దాటిన ఇల్లాలు ఊరికి పోవునపుడు మూట ఎట్లు కట్టుకొనవలెననునది ఒక ఉపన్యాస విషయమా యని కొందరికి నవ్వు రావచ్చును. అయితే ఈ సభలో కూర్చున్న తల్లులు నవ్వరు. కూతురి పురుటికి పోయి వచ్చిన పిమ్మట భుజము నొప్పి యెన్నాళ్ళుండునో, రైలు దిగునపుడు సంచి ఒకరి చేతికిచ్చి, అది మరల కంటబడువరకు గుండె యెట్లు కొట్టుకొనునో వారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో స్త్రీ ప్రయాణములు పంటను బట్టి నడచును. పత్తి ఏరుట ఒక దారికి వచ్చి, మిరపకోతలు ముగిసి, కాయ కల్లమునుండి యార్డుకు చేరిన తరువాతనే ఇల్లాలికి ఊరు విడుచుటకు తీరిక దొరకును. అప్పుడు పెండ్లిండ్లు, పురుళ్ళు, పుణ్యక్షేత్రములు అన్నియు ఒక్కమారే జ్ఞాపకము వచ్చును. కోటప్పకొండ తిరునాళ్ళు మొదలుకొని అమరావతి, మంగళగిరి, త్రిపురాంతకము, శ్రీశైలము, తిరుపతి, కాశి వరకు మన పెద్దలు పోవుచునే యున్నారు. ఈ కాలమున దీనికి మరి రెండు కారణములు తోడైనవి. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో రాష్ట్ర స్త్రీలు టిక్కెట్టు రుసుము లేకుండ పోవుటకు ‘స్త్రీశక్తి’ పథకము వచ్చినది. రెండవది, పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో స్థిరపడుటచే, ఒకనాడు పొలిమేర దాటని అమ్మమ్మ నేడు సముద్రములు దాటుచున్నది.

ఇట్లు ప్రయాణములు పెరిగినవి గాని, మూట కట్టు పద్ధతి మాత్రము మారలేదు. మన ఇల్లాలు సంచి సర్దునపుడు మొదట కోడలికి గోంగూర పచ్చడి, మనుమనికి సున్నుండలు, అల్లునికి కారప్పొడి, వియ్యపురాలికి అరిసెలు పెట్టును. పిదప భర్తగారి పంచెలు, వారి మందులు, వారి కండ్లజోడు పెట్టును. అన్నియు నిండిన తరువాత మిగిలిన సందులో తన రెండు చీరలు దోపును. తన మందుబిళ్ళలు ఏ మూలనో పడియుండును. కొన్నిమారులు ఇంటిలోనే నిలిచిపోవును. సంచి ఆమెది, అందులోని బరువు లోకముది.

ఈ ఉపన్యాసము చెప్పదలచిన మాట ఒక్కటే. పెద్దవయసు స్త్రీ మూట ఆమె చేయి ఎత్తగలిగినంతే యుండవలెను. అందు మొదట ఆమెకు కావలసినవి ఉండవలెను. ఇది సౌఖ్యమునకు మాత్రమే చెప్పు మాట కాదు. తన సంచిని తాను ఎత్తగలిగిన స్త్రీ ఎప్పుడు బయలుదేరవలెనో, ఎక్కడ దిగవలెనో, ఎప్పుడు ఇంటికి మరలవలెనో తానే నిర్ణయించుకొనగలదు. ఎత్తలేని స్త్రీ సంచిని మోయువారు దొరకు వరకు కూర్చుండవలసినదే.

పూర్వకాలమున ఈ చిక్కు ఇంతగా లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి, తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిరి. పదునైదు నెలలకు పైబడిన ఆ యాత్రలో వారి వెంట గొప్ప పరివారము నడచినది. డేరాలు, వంటపాత్రలు మోయుటకు మనుష్యులుండిరి. వారు వ్రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయినది. ఆ గ్రంథమున మూట కట్టుకొనువారికి ఉపకరించు గుణమొకటి కలదు. ఏ మజిలీలో ఏ వస్తువు దొరకును, ఏది దొరకదు అనునది వారు శ్రద్ధగా వ్రాసికొనుచు పోయిరి. దొరకునది ముందుగా తెలిసినయెడల దానిని మోయ నక్కరలేదు. సబ్బు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె, బియ్యము దొరకని ఊరు నేడు భారతదేశమున అరుదు. అయినను ఇవి యన్నియు మన సంచులలో కాశివరకు పోయి, సగము వాడబడి తిరిగి వచ్చుచున్నవి.

రైలు వచ్చిన తరువాత కూడ చాలకాలము బరువు సంగతి ఎవరికిని పట్టలేదు. ఇనుప ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, నీళ్ళకు మరచెంబు, తాటాకు బుట్టలో చద్దిమూట – ఇది ఆనాటి సామాను. ఇంటివద్ద పాలేరు బండికెత్తును. స్టేషనులో కూలీ రైలుకెక్కించును. దిగుచోట బంధువులు వచ్చి దించుకొందురు. స్త్రీ పెట్టెను ముట్టకుండగనే ప్రయాణము ముగియును. నేడు పాలేరు లేడు, పిల్లలు ఊరిలో లేరు, చిన్న స్టేషనులలో కూలీయు లేడు. రైలు రెండు నిమిషములు మాత్రమే నిలుచును. కాలము మారినది గాని ట్రంకు పెట్టె నాటి మనస్సు మారలేదు. అందువలననే చక్రముల పెట్టెలోను ట్రంకు పెట్టెడు బరువు చేరుచున్నది.

తక్కువ సామానుతో పోవుట లేమికి గుర్తు అని మనవారిలో ఒక భ్రమ కలదు. ఈ భ్రమ పోవుటకు గాంధీ మహాత్ముని ప్రయాణమొకటి చెప్పవచ్చును. 1902లో ఆయన కలకత్తానుండి రాజకోటకు మూడవ తరగతిలో బయలుదేరునపుడు పన్నెండణాల గుడ్డసంచి యొకటి కొనుక్కొనెను. అందు ఒక పొడుగు ఉన్నికోటు, ఒక ధోవతి, ఒక తువాలు, ఒక చొక్కా. కప్పుకొనుటకు ఒక కంబళి, నీళ్ళకు ఒక చెంబు. గోఖలేగారు ఒక డబ్బా నిండ పూరీలు, మిఠాయి ఉండలు పెట్టి ఇచ్చిరి. దారిలో కాశి, ఆగ్రా, జయపురము, పాలన్‌పురములలో ఆగుచు ఆయన పోయెను. ఈ సంగతులను ఆయనయే తన ఆత్మకథలో వ్రాసికొనెను. ఈ పట్టిక మనకు మాదిరి కావలెనని కాదు. ఆయనకు అప్పటికి నిండ ముప్పది మూడేండ్లు లేవు. కాని అందలి ప్రతి వస్తువునకు ఒక పని యున్నది, పని లేని వస్తువు ఒక్కటియు లేదు. గ్రహింపవలసినది అది.

ఇక మొదటి నియమము బరువు. ఈ విషయమున పత్తి, మిరప పండించు స్త్రీలకు ఇతరులు పాఠము చెప్ప నక్కరలేదు. పత్తి బోరెము చూపునకు కొండంత యుండును, ఎత్తినచో తేలిక. మిరప టిక్కి చూపునకు చిన్నది. ఎత్తినచో నలువది కిలోలు దాటును. అదే పత్తిని మిల్లులో అదిమి బేలు కట్టినచో 170 కిలోలగును. పెట్టె పరిమాణమును చూచి మోసపోరాదని దీని యర్థము. చిన్నపెట్టెలో పట్టుచీరలు, పచ్చడి సీసాలు కుక్కినచో అది బేలుగా మారును.

కావున పెట్టెను కంటితో గాక కాటాతో చూడవలెను. పత్తి ఏరినవారికి కూలి కట్టుటకు తూచు వ్రేలాడు కాటా చాల ఇండ్లలో నుండును. పెట్టె పిడిని దాని కొక్కెమునకు తగిలించినచో బరువు తెలిసిపోవును. రైలులో స్లీపరు తరగతివారికి 40 కిలోల వరకు ఉచితమని నియమమున్నది గదా యని కొందరందురు. అది రైలు మోయగలిగిన లెక్క. ఇల్లాలి భుజము మోయగలిగిన లెక్క కాదు. విమాన సంస్థలు చాలవరకు చేతిసంచికి 7 కిలోల హద్దు పెట్టుచున్నవి. పెద్దవయసువారికి నేలమీదను అదే మంచి హద్దు. సర్దిన తరువాత సంచి నెత్తుకొని ఇంటి మెట్లు మూడుమార్లు ఎక్కి దిగి చూడవలెను. ఆయాసము వచ్చినచో మరల విప్పి తగ్గింపవలెను. విప్పుటకు సిగ్గుపడరాదు.

దీనికి వైద్యశాస్త్ర కారణము కూడ కలదు. ముట్లుడిగిన తరువాత స్త్రీల ఎముకలలో సత్తువ త్వరగా తగ్గును. నడుము ముందుకు వంచి బరువెత్తినపుడు బలహీనపడిన వెన్నుపూస నలిగి విరుగు ప్రమాదమున్నది. మోకాళ్ళు వంగినవారు మోకాళ్ళు వంచి ఎత్తవలెను. వంగనివారు సంచిని నేలపై గాక పీటపైనో బల్లపైనో పెట్టుకొని ఎత్తవలెను. ఒక పెద్ద సంచికంటె రెండు చేతులకు సరితూగు రెండు చిన్న సంచులు మేలు. చక్రముల పెట్టె సిమెంటు నేలపై సుఖమే. గ్రావెలు బాటపై, మెట్లపై, కాశి సందులలో అదియు మోయవలసిన పెట్టెయే.

చేతికర్ర సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. ఇంటిలో కర్ర పట్టుకొను స్త్రీ ప్రయాణమునపుడు దానిని దాచిపోవుట తరచుగా కనబడును. నలుగురిలో ముసలిదనము బయటపడునని సంకోచము. వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయములో గాంధీజీ చేతికర్రను నేటికిని భద్రపరచి చూపుచున్నారు. దానిని చూచినవారెవరును అది ముసలితనపు గుర్తనరు. దేశమును నడిపించిన కర్ర యందురు. మెట్టు తెలియని ఊరిలో కర్ర మూడవ కాలు. మూటలో మొదటి వస్తువు అదియే.

రెండవ నియమము బట్టలు. కాశిలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయుట మన తెలుగువారి ఆచారము. తొమ్మిది రాత్రులకు తొమ్మిది చీరలక్కరలేదు. కట్టుకొన్నది ఒకటి, పెట్టెలో మూడు చాలును. ఒకటి ఉతికి ఆరవేసినది, ఒకటి మార్చుటకు, ఒకటి దేవాలయమునకో పేరంటమునకో. మన సీమలో నేత చీరకు కరవు లేదు. మంగళగిరి నేత, చీరాల నేత సన్నని నూలు చీరలు చెమటను పీల్చును, త్వరగా ఆరును, మడిచినచో గుప్పెడు చోటులో ఇముడును. బరువైన పట్టుచీర వీటిలో ఒక పనియు చేయలేదు. పైగా అది ఎక్కడ నలుగునో, ఎక్కడ పోవునో యని మనస్సును కాపలా పెట్టును.

ప్రయాణపు చీరకు గంజి పలుచగా పెట్టవలెను. గంజి చిక్కనైనచో బస్సులో గంట కూర్చున్నంతలో ముడుతలు పడి, సంచిలో రెండింతల చోటు ఆక్రమించును. చీరను పలకగా మడువక చాపవలె చుట్టినచో మడత గీతలు పడవు. రంగులను ముందే కూర్చుకొన్నచో రవికలును తగ్గును. నేరేడు రంగు, మిరపపండు ఎరుపు, మట్టిరంగు చీరలు మూడింటికి ఒకే రంగు అంచు ఉండునట్లు చూచినచో రెండు రవికలు మూడు చీరలకును సరిపోవును. ముదురు అంచు దారిదుమ్మును కనబడనీయదు. చీరను చీలమండ తగులునట్లు కాక కొంచెము పైకి కట్టవలెను. పెద్ద స్టేషనులలోని కదులు మెట్లలో కుచ్చెళ్ళు చిక్కుకొను ప్రమాదము తప్పును. ఒక పలుచని శాలువ చలిగాలికి, విమానపు చల్లదనమునకు, అవసరమైనచో తలదిండునకు పనికివచ్చును.

ఈ వయసులో సొగసేమిటి యను మాట ఇక్కడ వినబడును. ఈ మాటకు జవాబు చెప్పవలసియున్నది. శుభ్రమైన చీర, సరియైన అంచు, దువ్విన తల, ఇవి విలాసములు కావు. ఆసుపత్రిలో, స్టేషనులో, అధికారి బల్లముందు నిలబడిన స్త్రీని లోకము ముందుగా ఆమె తీరును చూచి పలుకరించును. తీరుగా నున్న స్త్రీ మాట త్వరగా చెవికెక్కును. ఇది న్యాయమా యన్న ప్రశ్న వేరు, నిజము మాత్రమిదియే. మరియొక మాట. భర్త పోయిన స్త్రీ పెట్టెలోనుండి రంగుచీరను ఇతరులే తీసివేసిన కాలమొకటి యుండెను. ఆ కాలము చాలవరకు గడచినది గాని, ఊరివారేమందురో యని తన చేతితో తానే రంగుచీరను ప్రక్కకు పెట్టు తల్లులు ఇంకను ఉన్నారు. వారి కుమార్తెలు, కోడండ్రు ఆ చీరను తీసి మరల పెట్టెలో పెట్టవలెను. ఊరు చూడబోవునది ఆమె. ఆమె ఇష్టమైన రంగు ఆమె వెంట పోవలెను.

చెప్పులు కొత్తవి పనికిరావు. నెల దినములు ఇంటిలో తొడిగి పాదమునకు అలవాటైనవే కావలెను. మడమకు పట్టీ యున్నచో జారవు. చక్కెర వ్యాధి గలవారు ఎండకు కాలిన గుడి బండలపై వట్టికాళ్ళతో నడచుట మిక్కిలి ప్రమాదకరము. పాదమునకు స్పర్శ తగ్గియుండుటచే బొబ్బలెక్కిన సంగతియే వారికి తెలియదు. అట్టివారు మందపాటి నూలు మేజోళ్ళు వెంట నుంచుకొనవలెను.

మూడవ నియమము మందులు. మందులను ఎన్నడును పెద్దపెట్టెలో పెట్టరాదు. పెట్టె బస్సు పైకెక్కును, సీటుక్రిందికి పోవును, విమానమున వేరు అరకు పోవును. మందు మాత్రము మనిషిని అంటియుండవలెను. రక్తపోటు, చక్కెర, థైరాయిడు మాత్రలు ప్రయాణ దినములకు సరిపడ లెక్కపెట్టి, వాటిపై మరియొక వారమునకు చాలినన్ని తీసికొనవలెను. అట్టలనుండి విడదీసి డబ్బాలో కలిపినచో ఏది యేదో తెలియదు. క్రొత్త వైద్యుడు అడిగినచో చెప్పుటకు వీలుండదు. వైద్యుని చీటీకి నకలొకటి వాటితోనే యుండవలెను. ఇన్సులిను వాడువారు దానిని విమానపు సరకుల అరకు పంపరాదు. గడ్డకట్టిన ఇన్సులిను పనికిరాదు. కండ్లజోళ్ళు రెండుండవలెను. కట్టుడు పళ్ళకు మూతగల చిన్నడబ్బా ఉండవలెను.

సభలో చెప్పుటకు మొగమాటమైనను చెప్పక తప్పని సంగతి యొకటి కలదు. దారిలో మరుగుదొడ్డి దొరకదను భయముతో మన స్త్రీలు బయలుదేరిన నాటినుండి నీరు త్రాగుట మానుకొందురు. గుంటూరు ఎండలలో ఇట్లు చేయుట వడదెబ్బను, మూత్రవ్యాధిని పిలిచి తెచ్చుకొనుట. అందుచేత చేతిసంచిలో సబ్బుముక్క, రెండు పాత నూలుగుడ్డలు, కొన్ని కాగితములు ఉండవలెను. శుభ్రపరచుకొను సాధనము చేతిలోనున్నచో భయము సగము తగ్గును, నీరు త్రాగుటకు ధైర్యము వచ్చును. మన పూర్వుల మరచెంబు గొప్ప సాధనము; నేడు దాని స్థానమున తేలికైన స్టీలు సీసా ఉన్నది. రైలులో 45 ఏండ్లు దాటిన స్త్రీలకు క్రింది బెర్తు కేటాయించు ఏర్పాటు కలదు. టిక్కెట్టు తీయువారు వయస్సును సరిగా వ్రాసి దానిని కోరవలెను. రాత్రి లేచి మెట్లు దిగవలసిన పని తప్పును.

నాలుగవది తిండి. చద్దిమూట మన సంస్కృతిలోనిది. పెద్దల మాటను దానితో పోల్చిరి. పులిహోర ఒక పూటకు, అటుకులు, పేలాలు, వేరుశనగ ఉండలు, జంతికలు నాలుగు దినములకు వచ్చును. ఎండాకాలమున పెరుగన్నము నాలుగు గంటలకంటె ఎక్కువ నమ్మదగదు. ఇది ప్రయాణము చేయు స్త్రీ తినవలసిన మూట. బంధువుల కొరకు పోవు పచ్చళ్ళ మూట వేరు. వీటిని కలుపరాదు. పచ్చళ్ళు పంపవద్దని ఎవరును చెప్పలేరు. గుంటూరు తల్లి గోంగూర లేకుండ కూతురింటికి పోవుట జరుగని పని. కాని ఆ మూటకు వేరు సంచి కావలెను, దానిని ఎత్తుటకు వేరు చేయి కావలెను. పచ్చడి తినువారే పచ్చడిని మోయవలెను. కొడుకో అల్లుడో స్టేషనుకు వచ్చి దించుకొందునన్నచో పంపవలెను. లేనియెడల పార్సెలులో పంపవలెను.

విదేశములకు పోవు తల్లులకు మరికొన్ని జాగ్రత్తలు. అంతర్జాతీయ విమానములలో చేతిసంచిలోని ద్రవపదార్థము ఒక్కొక్క సీసా 100 మిల్లీలీటర్లకు మించరాదు. నెయ్యి, నూనె ఊరు పచ్చడి ఈ లెక్కలోనికే వచ్చును. కావున అవి పెద్దపెట్టెలో, రెండు పొరల సంచిలో, చీరలకు దూరముగా ఉండవలెను. ఎండుకొబ్బరిలో నూనె అధికమై త్వరగా అంటుకొను స్వభావమున్నందున దానిని విమానమున తీసికొనిపోనీయరు. పూజకు, వంటకు అలవాటుగా పెట్టు ఎండుకొబ్బరి చిప్పలు తనిఖీలో నిలిచిపోవుటకు కారణమిదియే. దుబాయి మొదలగు ఎమిరేట్లకు గసగసాలు తీసికొనిపోవుట అచటి చట్టము ప్రకారము నేరము. మసాలాపొడిలో కలిసినను చిక్కే. ఫోనుకు విద్యుత్తు నింపు పవర్ బ్యాంకు పెద్దపెట్టెలో ఉండరాదు, చేతిసంచిలోనే ఉండవలెను. అమెరికాలో దిగినపుడు తినుబండారములున్నవా యని అడిగినచో ఉన్నవని చెప్పవలెను. చెప్పిన వస్తువు పోయినచో వస్తువే పోవును. దాచినచో జరిమానా వచ్చును.

దూరపు విమానములో గంటల తరబడి కదలక కూర్చున్నచో కాలి నరములలో రక్తము గడ్డకట్టు అవకాశమున్నది. మధ్యమధ్య లేచి నడచుట, పాదములు ఆడించుట, నీరు త్రాగుట అవసరము. చక్రముల కుర్చీ కావలెనని టిక్కెట్టు తీయునపుడే చెప్పవలెను. అప్పుడు మరచినచో 48 గంటల ముందైనను తెలుపవలెను. దానిని అడుగుట అవమానము కాదు. భాష తెలియని విమానాశ్రయములో దారి చూపు మనిషి దొరకుట దానివలన కలుగు పెద్ద మేలు. చేతిసంచి ఒడిలో ఇముడునంత చిన్నదైనచో ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు అది తన కంటిముందే యుండును.

అయిదవది కాగితములు, డబ్బు. మన అమ్మమ్మలు రొండిన దోపుకొను గుడ్డసంచికి మించిన భద్రత నేటివరకు ఎవరును కనిపెట్టలేదు. దానిని మానరాదు. డబ్బును మూడుచోట్ల ఉంచవలెను: రొండి సంచిలో కొంత, చేతిసంచిలో కొంత, పెట్టె అడుగున కొంత. ఆధారుకార్డు, టిక్కెట్టు చేతిసంచిలో, వాటి నకళ్ళు పెట్టెలో. బంగారము ఇంటనే ఉండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒక చిన్న చీటీ. తిరునాళ్ళలో, పుష్కరములలో, కుంభమేళాలలో జనసమ్మర్దము నడుమ మాట తడబడిన పెద్దవయసు స్త్రీ తనవారినుండి విడిపోవుచో, ఫోను ఆరిపోయినచో, కొడుకు ఫోను సంఖ్య కంఠస్థము లేనిచో ఏమగును? ఆమెను ఇంటికి చేర్చునది ఆ చీటీయే. దానిపై పేరు, ఊరు, మండలము, జిల్లా, ఇద్దరు బంధువుల ఫోను సంఖ్యలు, ఉన్న వ్యాధి, వాడు మందు, రక్తపు వర్గము వ్రాయవలెను. తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులోనో హిందీలోనో మరియొకవైపు వ్రాయవలెను. జిల్లా పేరు వ్రాయునపుడు జాగ్రత్త కావలెను. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, పల్నాడు జిల్లాలు ఏర్పడినవి గావున, గుంటూరు, ప్రకాశము జిల్లాలవారమని అలవాటుగా చెప్పుకొనువారిలో అనేకుల చిరునామాలు మారినవి. ఆ చీటీ సంచిలో గాక ఒంటిమీద ఉండవలెను. సంచి పోయినపుడే దానితో పని.

ఇందులో గ్రంథాలయమునకు పని లేదా? ఉన్నది. ఈ ఊరిలో వ్రాయుట రాని తల్లులు ఇంకను ఉన్నారు. గ్రంథాలయ చందాదారులైన యువకులు, బాలికలు ఆదివారమునాడు ఒక గంట కూర్చుండి అట్టి చీటీలను వ్రాసి ఈయవచ్చును. ప్రయాణమునకు కావలసిన వస్తువుల పట్టిక నొకదానిని పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు తగిలింపవచ్చును. పట్టికకు పైభాగమున ‘నాకు’ అనియు, క్రిందిభాగమున ‘ఇతరులకు’ అనియు రెండు గళ్ళు గీయవలెను. పైగడి నిండినగాని క్రిందిగడి ముట్టరాదు. దారికి చదువుకొన ఒక పలుచని పుస్తకమును పెద్ద అక్షరములది ఎంచి ఈయవచ్చును. అది కూడ ‘నాకు’ అను గడిలోనిదే.

పురుషులకు ఒక్క మాట. భార్య సర్దిన పెట్టెతో జీవితమంతయు ప్రయాణము చేసినవారు ఇకనైన తమ పంచెలు, తమ మందులు తాము సర్దుకొన నేర్వవలెను. ఆమె ఒంటరిగా పోవలసివచ్చిన నాడు ఆమెకును, తాము ఒంటరిగా ఉండవలసివచ్చిన నాడు తమకును అది ఉపకరించును. పిల్లలకు ఒక్క మాట. అమ్మ వచ్చుచున్నదని తెలిసినపుడు ఏమి తెచ్చుచున్నావని అడుగుటకు ముందు సంచి ఎంత బరువున్నదని అడుగవలెను.

చివరకు తల్లులకు. సంచిలో నాల్గవవంతు ఖాళీగా విడిచి బయలుదేరుడు. గంగతీర్థమో, మనుమరాలు ఇచ్చిన బొమ్మయో తిరిగి వచ్చునపుడు చోటు కోరును. బయలుదేరుటకు ముందు సంచిని ఒక్కమారు మీ చేతితో ఎత్తి చూడుడు. తేలికగా లేచినచో తలుపు తాళము వేసి, కర్ర చేతబట్టి, ఇష్టమైన చీర కట్టుకొని పోయి రండు. మీ ప్రయాణములు సుఖముగా సాగుగాక. ఈ గ్రంథాలయము మీవంటి పాఠకురాండ్రతో స్వర్ణోత్సవమునకు చేరుగాక.